ఇంద్రుడి కూతురు, మా వెనక వీధి అమ్మాయి

పొద్దున్నుంచీ ముసురే. ఆదివారం కదా, పనమ్మాయి రాలేదు. బట్టలు ఆరలేదు. మధ్యాహ్నం టీవీలో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ వస్తోందని అత్తయ్య కేకేస్తే, గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు వలుస్తూ కూచున్నా.

1990 మే 9న వచ్చిన సినిమా. తుపాను వానల్లోనే జనం హాళ్ళకి పరిగెత్తారని మా ఆయన ఇప్పటికీ చెప్తుంటారు. 2025లో అదే తేదీకి త్రీడీలో మళ్ళీ వదిలారు. ఇళయరాజా, వేటూరి సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది?

ఈసారి మాత్రం నా కళ్ళు ఇంద్రుడి మీద పడ్డాయి. మానససరోవరం దగ్గర కూతురి ఉంగరం పోయింది. అది లేకపోతే స్వర్గంలోకి రానివ్వరు. కన్నకూతురే, అయినా అంతే. కిందేమో ఆ ఉంగరం దొరికిన రాజు, అంటే మన చిరంజీవి, టూరిస్టు గైడు. నలుగురు అనాథ పిల్లల్ని సాకుతున్నాడు. ఎవరు ఎవరి బిడ్డో, ఏ కులమో ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. “మానవా” అంటూ పైనుంచి దిగిన ఇంద్రుడి కూతురు చివరికి ఆ ఇంట్లోనే మనిషై ఉండిపోయింది.

పురాణాల్లో దేవకన్యలు ఇలా ఉండిపోరు. ఊర్వశి పురూరవుణ్ణి వదిలేసి పోయింది, గంగ శంతనుణ్ణి. మేనకైతే పసిగుడ్డునే. ఈవిడ ఉండిపోతే రాష్ట్రమంతా ఈలలేసింది. కులాంతర పెళ్ళికి అంత మెజారిటీ ఏ ఎన్నికల్లోనూ రాదు.

కాకపోతే వదులుకున్నది మళ్ళీ ఆడపిల్లే. పుట్టిల్లు, శక్తులు, చావులేని బతుకు, అన్నీ. (రాజు దగ్గర వదులుకోవడానికి ఏముంది పాపం, అదీ నిజమే.) ఆ మాటే పైకంటే అత్తయ్య ఒప్పుకోలేదు. “స్వర్గంలో ఏముందే? ఆకలా పాడా! ఇక్కడ నలుగురు పిల్లలున్నారు” అన్నారు.

ఇంతలో వెనకింటి కిటికీలోంచి ‘ప్రియతమా’ పాట. అక్కడా ఇదే ఛానలన్నమాట. ఆ ఇంటాయన చిరంజీవికి వీరాభిమాని, త్రీడీకి మొదటి ఆటకే వెళ్ళొచ్చారు. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మాయి ఆఫీసులో పరిచయమైన అబ్బాయిని చేసుకుంది. వేరే కులం. అప్పట్నుంచి ఎవరడిగినా “మాకు ఒక్కడే కొడుకు” అంటారాయన. హాల్లో ఆ పిల్ల డిగ్రీ ఫొటో తీసేసి అక్కడ ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు తగిలించారు. క్యాలెండరు చిన్నది. చుట్టూ ఫొటో ఉన్నంత మేరా గోడ రంగు తేడాగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇంద్రుడు కూతుర్ని కాదంటే ఆయనకి కోపమొస్తుంది. “ఏం తండ్రి వీడు!” అని తిట్టడం నేనే విన్నాను.

ఆ అమ్మాయికి పాప పుట్టింది. వాళ్ళమ్మ కూరగాయలకని బయల్దేరి ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చిందట. వచ్చే బుధవారం బారసాల, తనవైపు నుంచి ఎవరూ లేరు రమ్మని ఆ పిల్లే నాకు ఫోన్ చేసింది. “నేనూ వస్తా, ఉయ్యాల పాటలు ఈ కాలంవాళ్ళకి ఎక్కడొస్తాయి” అన్నారు అత్తయ్య. వాళ్ళమ్మని కూడా మా ఆటోలో ఎక్కించుకుపోవాలని ఉంది. ఆ ఇంటాయనకి గుడికని చెప్పాలా, ఉన్నమాట చెప్పేయాలా అన్నదే ఇంకా తేలలేదు.