కట్టేసిన పుట్టిలోంచి ప్రవాహ వేగం కొలవడం: నా అనుభవం

తుంగభద్రలో నీళ్ళు ఎంత వేగంగా పోతున్నాయని కర్నూలు గట్టున ఎవరినడిగినా "జోరుగా" అనో "నిమ్మళంగా" అనో చెప్తారు. పుట్టి (గుండ్రటి చిన్న పడవ) ఎక్కేవాళ్ళకు అది చాలదు. తెడ్డుతో ఎదురెక్కగలమా, వేసిన వల నిలుస్తుందా అనేది అంకె తెలిస్తేనే తేలుతుంది. మీటరేదీ లేకుండా ఆ అంకె నేనెలా తీస్తానో రాస్తున్నాను. లంగరేసి నిలిపిన పుట్టిలోంచి తాడు కట్టిన సీసాను నీళ్ళలో వదిలి, పది మీటర్ల తాడు ఎన్ని సెకన్లలో పోయిందో వాచీతో చూడడమే పద్ధతి. ఇందులో వాచీ నొక్కడంలో వచ్చే తేడా చిన్నది. పుట్టి కుదురుగా లేకపోవడం, తేలే వస్తువు గాలికి కొట్టుకుపోవడం, ఈ రెండే లెక్క చెడగొడతాయి.

కాబట్టి సగం పని పుట్టిని నిలపడమే. గుండ్రటి పుట్టికి ముందూ వెనకా లేవు. ఒక్క తాడుతో కడితే గిరగిరా తిరుగుతుంది, అటూ ఇటూ ఊగుతుంది. దిగువకు ఊగేటప్పుడు కొలిస్తే వేగం తక్కువగా, ఎగువకు ఊగేటప్పుడు కొలిస్తే ఎక్కువగా వస్తుంది. నేను అంచు మీద బారెడు దూరంలో రెండు చోట్ల తాళ్ళు కట్టి, రెంటినీ రెండు మీటర్ల ముందు ఒకే లంగరు మోకుకు కలుపుతాను. తిరగడం ఆగుతుంది, ఊగడం బాగా తగ్గుతుంది. మోకు పొడవు లోతుకు కనీసం ఐదింతలు ఉండాలి. మూడు మీటర్ల లోతుకు పదిహేను మీటర్లు. తాడు పొట్టిదైతే లంగరు పైకి లేచిపోతుంది, పుట్టి అంచు కిందికి వంగుతుంది.

ఇసుకలో నాలుగు కొక్కేల లంగరు బాగా పడుతుంది. ఇసుక మూట వేస్తే జారుతుంది. బండల మధ్య కొక్కెం ఇరుక్కుంటే ఊడదు, అందుకే లంగరు అడుగు భాగానికి విడిగా ఇంకో సన్నతాడు కట్టి, దాని కొనకు తేలే ఖాళీ డబ్బా తగిలించాలి; ఇరుక్కుంటే ఆ తాడు పట్టి లాగొచ్చు. లంగరు జారుతోందో లేదో గట్టు చూసి చెప్పొచ్చు. ఒక కరెంటు స్తంభం, దాని వెనక ఒక చెట్టు ఒకే వరుసలో కనిపించాలి. వరుస తప్పుతూనే ఉంటే జారుతున్నట్టే. వంతెన స్తంభానికి కట్టేద్దామనిపిస్తుంది గాని వద్దు, దాని దిగువన సుడిలో నీళ్ళు వెనక్కి తిరుగుతాయి. హంద్రీ నది కలిసే చోటు కూడా ఇందుకు పనికిరాదు.

సీసాకు కట్టే కొలత తాడు సన్నటి ప్లాస్టిక్ పురి తాడు. అది తేలుతుంది, తడిసినా సాగదు. నైలాన్ మునుగుతుంది, సాగుతుంది కూడా. మొదటి ఐదు మీటర్లు వదిలేసి అక్కడొక ఎర్రగుడ్డ, ఇంకో పది మీటర్లకు రెండో గుడ్డ కట్టాలి. ఆ ఐదు మీటర్లు ఎందుకంటే, పుట్టి వెనక నీళ్ళు కలగాపులగంగా ఉంటాయి, దాన్ని దాటాకే అసలు ప్రవాహం. తేలడానికి అరలీటరు నీళ్ళ సీసా, మెడ మాత్రమే పైకి కనిపించేలా నింపి. సగం నింపితే గాలి తెరచాపను పట్టినట్టు పట్టేస్తుంది.

సీసాను దిగువకు వదిలి, తాడును చేత్తో ముందే వదులుగా పంపుతూ ఉండాలి. బిగిస్తే సీసా ఆగి, వేగం తక్కువ వస్తుంది. మొదటి గుడ్డ వేళ్ళు దాటగానే వాచీ నొక్కి, రెండోది దాటగానే ఆపాలి. పది మీటర్లు 12.5 సెకన్లలో పోతే సెకనుకు 0.8 మీటర్లు, గంటకు 2.9 కిలోమీటర్లు. వాచీలో అరసెకను పోయినా తేడా నూటికి నాలుగే. తాడు లేకుండా పుట్టి అంచు నుంచి అంచుకు కొలిస్తే ఆ అరసెకనే లెక్కను తినేస్తుంది. ఐదుసార్లు తీసి, మధ్యలో పడిన అంకెను తీసుకోండి. నీళ్ళు అలలు అలలుగా వస్తాయి గనుక ఒక్కసారి తీసింది నమ్మలేం.

జూన్, జూలై గాలులప్పుడు పొద్దున్నే కొలవాలి. పైపొర నీటిని గాలి తన వేగంలో నూటికి రెండు మూడు వంతుల చొప్పున నెడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఉంటే అరకిలోమీటరు దాకా దొంగ వేగం వచ్చిపడుతుంది. నిమ్మళమైన మడుగులో అది సగం లెక్క.

నీళ్ళలో నిలువుగా పట్టిన చెక్క స్కేలుతో సరిచూసుకోవచ్చు. సన్నటి అంచు ప్రవాహానికి ఎదురుగా పెట్టి నీటిమట్టం చూసి, తర్వాత వెడల్పు ముఖం తిప్పాలి. నీళ్ళు ఎగబాకిన ఎత్తు 2.5 సెంటీమీటర్లయితే వేగం సెకనుకు సుమారు 0.7 మీటర్లు, 5 అయితే ఒక మీటరు, 11.5 అయితే ఒకటిన్నర. సెకనుకు 0.5 మీటర్ల కన్నా తక్కువ వేగాలకు అలలే ఎక్కువ కనిపిస్తాయి, స్కేలు దండగ. సెకనుకు మీటరు దాటిన ప్రవాహంలో నేను పుట్టిని కట్టను. లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, అంచు మునిగితే క్షణాల్లో నిండుతుంది. లైఫ్ జాకెట్, ఒక్క లాగుతో ఊడే ముడి ఎప్పుడూ ఉండాలి.

వచ్చింది పైపొర వేగం మాత్రమే. అడుగు దాకా సగటు కావాలంటే 0.85తో గుణించాలి. సుంకేసుల నుంచి కడప వైపు పోయే కె.సి. కెనాల్‌లో రైతులు క్యూసెక్కుల కోసం అడుగుతుంటారు. అక్కడ పడవ అక్కర్లేదు. గట్టు మీద 20 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి చీనీకాయ విసరొచ్చు, అది దాదాపు మునిగే తేలుతుంది గనుక గాలి తగలదు. నీటి అడ్డుకోత 30 చదరపు మీటర్లు, పైవేగం 0.8 అనుకుంటే సగటు 0.8 × 0.85 = 0.68; 30 × 0.68 = సెకనుకు 20.4 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 720 క్యూసెక్కులు. నడిమధ్య వేగమే ఎక్కువ కాబట్టి, వెడల్పును మూడు నాలుగు పట్టీలుగా విడదీసి ఒక్కో పట్టీకి విడిగా లెక్కగట్టాలి. లేకుంటే లెక్కలో నీళ్ళు ఉన్నదానికన్నా ఎక్కువ తేలతాయి.

ఇదే పద్ధతిని ఆటుపోట్లున్న సముద్రపు పాయల్లో వాడేవాళ్ళు అరగంటకోసారి కొలవాలి. అక్కడ వేగం సున్నా నుంచి ఎక్కి, మూడు గంటలకు గరిష్ఠమై, మళ్ళీ సున్నాకు వచ్చి దిశ మారుతుంది. మొదటి గంట చివర గరిష్ఠంలో సగం, రెండో గంటకు నూటికి తొంభై వంతులు ఉంటుందని ఓ మోటు లెక్క. ప్రవాహం ఆగినప్పుడు పడవ గాలి వైపు తిరుగుతుంది, ఆ పావుగంట కొలతలు పక్కన పెట్టేయాలి. సముద్రం మీద వేగాన్ని 'నాట్' లెక్కన రాస్తారు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). 30 సెకన్లలో తాడు 15.4 మీటర్లు పోతే ఒక నాట్. మన నదిలో ఆటుపోట్లు లేకపోయినా ఆనకట్టల గేట్లున్నాయి, అవి ఎత్తితే దించితే వేగం మారుతుంది. వేగం పక్కన టైమూ, గట్టు రాయి మీద నీటిమట్టమూ రాయకపోతే, రేపటి అంకెతో పోల్చడానికి వీలుండదు.