రంగుదారంతో లేసు స్టోల్

నరసాపురం లేసుకి 2024లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అన్న భౌగోళిక సూచిక) గుర్తింపొచ్చింది గానీ, ఇప్పటికీ లేసంటే అందరికీ తెలుపే. రెండు రంగుల స్టోల్ అల్లాలంటే సగం పని కొక్కెం సూది పట్టకముందే, అద్దకంలోనే ఉంది.

100 గ్రాముల నూలు చిలపకి రియాక్టివ్ రంగు (నూలుపోగుతో రసాయనికంగా కలిసిపోయేది) 2, 3 గ్రాములు, నీళ్లు 2 లీటర్లు. ముందు ఉప్పు, అరగంటాగి చాకలి సోడా, ఆపైన గంటసేపు నానాలి. సోడా ముందే పడిందా, రంగు మచ్చలు మచ్చలుగా పట్టి మిగతాది నీళ్లపాలే. సముద్రం దాపున ఊళ్లలో బోరునీళ్లు అసలు వాడొద్దు, రంగు మసకబారుతుంది. చిలపలన్నీ ఒకే విడతలో ముంచండి. రెండో విడత ఛాయ కలవడం కష్టం. చివర్లో సబ్బునీళ్లలో మరిగించి, నీళ్లు తేటపడేదాకా జాడించాలి. తడిదారాన్ని తెల్లగుడ్డలో పెట్టి ఇస్త్రీ చేస్తే దొంగరంగు, అంటే దారానికి పట్టకుండా మిగిలిన రంగు, అక్కడే బయటపడుతుంది.

ఇక అల్లిక. ఎరుపు నుంచి తెలుపుకి మారేటప్పుడు ఎర్రకుట్టు ఆఖరి లాగుడు (సూది మీది ఉచ్చుల్లోంచి దారం లాగి కుట్టు ముగించడం) తెల్లదారంతోనే లాగాలి. ఆలస్యమైతే తెల్లకుట్టు నెత్తిన ఎర్రచుక్క కూర్చుంటుంది. పనిలేని దారాన్ని కుట్ల లోపల వదులుగా నడపండి, బిగిస్తే స్టోల్ వేయించిన అప్పడంలా వంకర్లు పోతుంది. తెలుపు కింద మెరూన్ మాత్రం ఎంత దాచినా కనబడుతుంది. దానికి పక్కన ముదురు పసుపు పెట్టుకోవడమే మేలు.