చార్మినార్ గుమ్మంలో అక్షరం కోసం

నిజాం కాలం నాటి హైదరాబాద్ వెండి రూపాయి మీద ఒకవైపు చార్మినార్ ఉంటుంది. ఆ చార్మినార్ గుమ్మంలో ఒక చిన్న అరబీ అక్షరం ఉంటుంది. అది మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నాణెం, ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ నాణెం. పక్కన హిజ్రీ సంవత్సరం కూడా ఉంటుంది గానీ, చేతులు మారి మారి అరిగిన వాటి మీద అంకెలు సరిగా కనబడవు. అప్పుడు గుమ్మంలోని అక్షరమే దిక్కు.

మా నాయనమ్మ దాచిన ఇలాంటి రూపాయలు ఇత్తడి డబ్బీలో ఉన్నాయి. వాటిని మా తరం వాళ్లం పంచుకునే ముందు, ప్రతి నాణెం రెండు వైపులా ఫొటో తీసి అందరికీ పంపే పని నేను తీసుకున్నాను. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఒక్కటే అడిగాడు: "గుమ్మంలో అక్షరం చదవగలిగేలా తియ్యరా."

ముందు ఫోన్‌తో చూశాను. ఫోన్ మాక్రో మోడ్‌లో, అంటే చిన్న వస్తువులను పెద్దగా తీసే పద్ధతిలో, నాణేనికి మరీ దగ్గరగా వెళ్లాలి. అప్పుడు ఫోన్ నీడే నాణెం మీద పడుతుంది, దీపం పెట్టడానికి సందు ఉండదు. అందుకని నా పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, 50 ఎంఎం లెన్స్ బయటికి తీశాను. అసలైన మాక్రో లెన్స్ ఖరీదెక్కువ కాబట్టి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొన్నాను. వాటిలో అద్దాలేమీ ఉండవు, ఉత్త గొట్టాలే. లెన్స్‌ను కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్‌కు దూరంగా జరిపితే వస్తువు పెద్దగా కనిపిస్తుంది, అంతే సూత్రం. లెక్క కూడా సులువే: ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (దాని మీద రాసి ఉండే ఎంఎం అంకెతో) భాగిస్తే ఎంత పెద్దదవుతుందో తెలుస్తుంది. 50 ఎంఎం లెన్స్‌కు 25 ఎంఎం ట్యూబు పెడితే సెన్సర్ మీద సగం సైజు బొమ్మ పడుతుంది. నా కెమెరా సెన్సర్ ఎత్తు 15.6 మిల్లీమీటర్లు, రూపాయి అడ్డం దాదాపు 30. అంటే నాణెం మొత్తం రావడానికి సగం సైజు సరిగ్గా చాలు. గుమ్మం ఒక్కటే తీయాలంటే ఇంకో ట్యూబు కలపాలి. కొనేవాళ్లు మాత్రం లెన్స్‌కూ కెమెరాకూ మధ్య ఎలక్ట్రానిక్ కనెక్షన్ ఉండే ట్యూబులే తీసుకోండి. లేకపోతే చాలా లెన్సుల్లో అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం సైజు, మార్చడం కుదరదు.

ఇక ఫోకస్. అంత దగ్గరికి వెళ్లాక ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ. ఎఫ్8 అపర్చర్ దగ్గర సగం సైజులో రెండు మిల్లీమీటర్లు, పూర్తి సైజులో (వస్తువు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మ అంతే పడినప్పుడు) ముప్పావు మిల్లీమీటరు కూడా రాదు. పోనీ రంధ్రాన్ని ఇంకా చిన్నది చేసి ఎఫ్22 పెడదామంటే డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం వల్ల, బొమ్మంతా మెత్తబడిపోతుంది. పైగా పూర్తి సైజులో ఎఫ్8 అసలు పనిచేసేది ఎఫ్16లా. కాబట్టి ఎఫ్8 దగ్గరే ఆగి, కెమెరాను నాణేనికి సమాంతరంగా పెట్టడం మీద శ్రద్ధ పెట్టాను. దీనికి స్పిరిట్ లెవెల్ కన్నా నమ్మకమైనది చిన్న చేతి అద్దం. నాణెం పెట్టే చోట అద్దం పెట్టి లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, చూడాలి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యలో కనబడితే కెమెరా తిన్నగా ఉన్నట్టే. ఆ తర్వాత అద్దం తీసి నాణెం పెట్టి, లైవ్ వ్యూను పది రెట్లు పెద్దది చేసి, చేత్తో ఫోకస్ తిప్పాలి. ఆటోఫోకస్ ఇక్కడ నాకు అక్కరకు రాలేదు.

సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే. దాని కదలిక టేబుల్ దాకా వస్తుంది. రెండు సెకన్ల టైమర్, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఉంటే అది కూడా ఆపాలి.

ఇంత చేసినా గుమ్మంలో అక్షరం కనబడాలంటే అసలు పని వెలుతురుదే. నాణెం మీద బొమ్మ అంతా ఒకే వెండి. రంగు తేడా ఉండదు కాబట్టి మనకు కనిపించేదల్లా ఎత్తుపల్లాల నీడలే. కెమెరా మీది ఫ్లాష్, రింగ్ లైట్ ఆ నీడలను తుడిచేస్తాయి. నేను ఒకే ఒక్క ఎల్ఈడీ టేబుల్ ల్యాంపును నాణేనికి పై వైపు నుంచి, గడియారంలో పదకొండు ఉండే దిక్కున, బాగా వంచి పెట్టాను. సూర్యుడు దిగేటప్పుడు పొలంలో గట్లు తేలినట్టు, మీనార్లు, అక్షరాలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. వెలుతురు కింది వైపు నుంచి వస్తే మాత్రం కంటికి ఎత్తులు గుంతల్లా కనిపిస్తాయి. అందుకే పై నుంచే రావాలి.

అరిగిన నాణేలకు ల్యాంపును ఇంకా కిందికి దించాను. దీపం కదలకుండా ఉంచి నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ లైవ్ వ్యూలో చూస్తుంటే, అక్షరం వంపుకు వెలుతురు అడ్డంగా తగిలిన చోట అది ఒక్కసారి తేలుతుంది. అక్కడే క్లిక్. బొమ్మను తర్వాత కంప్యూటర్లో నిలువుగా తిప్పుకోవచ్చు. మా డబ్బీలో బాగా నున్నగా అయిన ఒక రూపాయి మీద ఐన్ అలాగే దొరికింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం చెప్పలేను.

మెరుపు తగ్గని నాణేలది వేరే దారి. పక్క నుంచి వెలుతురు పడితే అవి కొన్నిచోట్ల తెల్లగా మండిపోయి, మిగతా అంతా నల్లబడతాయి. వాటికి ఫొటో ఫ్రేమ్ నుంచి తీసిన పల్చటి గాజును లెన్స్‌కూ నాణేనికీ మధ్య 45 డిగ్రీల వాలులో నిలబెట్టాను. పక్క నుంచి వచ్చే వెలుతురు గాజు మీద పడి నిటారుగా నాణెం మీదికి దిగుతుంది, కెమెరా ఆ గాజులోంచే చూస్తుంది. దీపానికి ఎదురుగా నల్ల గుడ్డ కట్టాలి, గాజు మీద వేలిముద్ర ఒక్కటి కూడా ఉండకూడదు. చదునైన భాగమంతా మెరిసి, అక్షరాల అంచులు ముదురుగా గీసినట్టు వస్తాయి.

నాణేన్ని నేరుగా గుడ్డ మీద పెట్టకుండా చిన్న సీసా మూత మీద ఎత్తి పెడితే వెనక గుడ్డ పోగులు కనబడవు. నేపథ్యం నల్లగా ఉంటే కెమెరా తనంతట తాను వెలుతురు పెంచేసి వెండిని పాడు చేస్తుంది. కాబట్టి ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో ఉంచాలి. గదిలో ట్యూబ్‌లైట్ ఆపి, కర్టెన్ వేసి, తెల్ల కాగితంతో వైట్ బ్యాలెన్స్ సరిచేసుకుంటే వెండి వెండి రంగులోనే వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫొటో కోసమని పాత నాణేలను విబూదితో గానీ చింతపండుతో గానీ తోమకండి. మా అత్తయ్య పూజ సామానుతో పాటు తోమిస్తానంటే బతిమాలి ఆపాను. ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపు నాణేన్ని పాడు చేయదు, పైగా ఫొటోలో అక్షరాల చుట్టూ ముదురుగా నిలిచి చదవడానికి సాయపడుతుంది. తోమితే పడే సన్నని గీతలు మాత్రం వంచిన దీపం కింద అన్నీ బయటపడతాయి. సేకరించేవాళ్లు అలాంటి నాణేలకు విలువ కూడా తగ్గిస్తారు.

చివర్లో డబ్బీలో నాణేలన్నీ కలిపి ఏటవాలుగా ఒక ఫొటో కావాలని అమ్మ అడిగింది. అది ఒక్క క్లిక్‌తో అయ్యేది కాదు. ముందు నాణెం నుంచి వెనక నాణెం దాకా ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ వరసగా తీసి, కంప్యూటర్లో ఒకటిగా కలిపాను. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఫొటోషాప్ చేస్తుంది, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటివి ఇంకా బాగా చేస్తాయి.

వెండివి అన్నీ అయిపోయి అన్నయ్యకు చేరాయి. ఇక రాగి నాణేలు మిగిలాయి. అవి వెలుతురును బాగా మింగేస్తాయి కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరవాలి. వాటికి ఫ్యాన్‌తో పాటు ఫ్రిజ్ కూడా ఆపి, రాత్రి అందరూ పడుకున్నాక తీద్దామనుకుంటున్నాను.