పాటలో పేర్లు: అంగన్‌వాడీ పిల్లలకు మొదటి వారాలు

పిల్లలు ఒకరి పేరొకరు నేర్చుకోవడానికి పాట పాడిస్తున్నప్పుడు, 3 నుంచి 6 ఏళ్ల వాళ్లున్న గదిలో ఒకే పాటలో అందరి పేర్లూ పాడించకండి. తన వంతు కోసం అంతసేపు ఆగలేక చిన్నవాళ్లు లేచి వెళ్లిపోతారు. రోజుకు ఐదారు పేర్లు చాలు. వాటిలో రెండు మర్నాడు మళ్లీ రావాలి.

గుండ్రంగా కూర్చోబెట్టి ఒకరి చేతికి మెత్తటి బంతి ఇవ్వండి. "లాస్యా లాస్యా, ఎక్కడున్నావ్?" అని అందరూ పాడతారు. "ఇక్కడున్నా" అని బంతి పట్టుకున్న పాప. "లాస్య ఇక్కడే ఉంది" అని మళ్లీ అందరూ. ఒక్క వంతులో పేరు మూడుసార్లు వినిపిస్తుంది. అక్షరానికో చప్పట్టు కొట్టించండి: లాస్యకు రెండు, కార్తీకకు మూడు. సిగ్గుపడే పిల్లలు చెయ్యి ఊపినా చాలు, బలవంతంగా పాడించవద్దు.

రిజిస్టర్‌లో ఉన్న పేరు పిలిస్తే కొందరు అసలు తల తిప్పరు. ఇంట్లో ఆ పిల్లలు బుజ్జి, చిన్ని అనే వింటారు కదా! ఏమని పిలుస్తారో అమ్మనడిగి మొదట ఆ పేరుతో పాడి, తర్వాత రెండూ కలపండి. ఒకే పేరున్న ఇద్దరుంటే ఇంటిపేరు చేర్చండి. పొట్టి, నల్ల లాంటి గుర్తులు మాత్రం ఎప్పుడూ వద్దు, అవి జీవితాంతం అంటుకుంటాయి.

రోజూ ఒకే వరుసలో కూర్చుంటే పిల్లలు పేర్లు కాదు, వరుస నేర్చుకుంటారు. అందుకే చోట్లు మార్చండి. రెండో వారం నుంచి పేరును టీచర్ అందించకూడదు. బంతి ఎవరికి దొర్లిస్తారో వాళ్ల పేరు పిల్లలే ఎత్తుకోవాలి.