ఇత్తడి శాంప్లర్

మే నెల, మంగళవారం

పొద్దున మా వంటనూనె ఫ్యాక్టరీ గేటు దాటేసరికే ట్యాంకర్ వచ్చి నిలబడి ఉంది. కృష్ణపట్నం పోర్టు నుంచి వచ్చిన క్రూడ్, అంటే ఇంకా శుద్ధి చేయని, సన్‌ఫ్లవర్ ఆయిలు. డ్రైవరు రాత్రి ఎప్పుడో వచ్చి క్యాబిన్‌లోనే పడుకున్నాడట. నన్ను చూడగానే దిగొచ్చాడు. "తొందరగా తేల్చండి మేడం, లోడు దింపి మళ్లీ పోర్టుకు పోవాల" అన్నాడు. ఆయన తొందర ఆయనది. ఈ ఎండలో ట్యాంకర్ మీద నిలబడాల్సింది మేము కాబట్టి నాకూ తొందరే. కర్నూలు ఎండ తొమ్మిదింటికే నెత్తి మాడుస్తుంది. ఇక ఆ ట్యాంకర్ రేకు సంగతి చెప్పక్కర్లేదు, చెయ్యి పెడితే బొబ్బలే.

అయితే ట్యాంకర్ రాత్రంతా కదలకుండా నిలబడి ఉంది చూశారా, అసలు సంగతంతా అక్కడే ఉంది. దారిపొడవునా కుదుపులకు ఆయిలు బాగానే కలిసి ఉంటుంది. నిలబెడితే మాత్రం అందులోని నీటి తడి, మడ్డి మెల్లగా అడుక్కు దిగుతాయి. పొద్దునకి పైన ఒక ఆయిలు, కింద ఇంకో ఆయిలు. ఇప్పుడు మ్యాన్‌హోల్ మూత తీసి మగ్గుతో పైపైన ముంచితే అది అమ్మినవాడి శాంపిలు. కింద వాల్వు తిప్పి మొదటి ధార పట్టుకుంటే అది కొన్నవాడి శాంపిలు. రెండూ నిజమైన ఆయిలే, రెండూ ఆ ట్యాంకర్‌లోవే. ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషీన్ పెట్టుకున్నా, ఆ మెషీన్ మనం తెచ్చి పోసిందాని గురించే చెబుతుంది. తెచ్చింది ఎక్కడినుంచి అని దానికి తెలీదు.

మా దగ్గర ట్యాంకర్లకు వాడేది మనిషి కంటే పొడవైన స్టీలు గొట్టం. కింద చివర చిన్న వాల్వు, దాన్ని మూయడానికి గొట్టం లోపలినుంచి పైదాకా సన్న కడ్డీ. వాల్వు తెరిచి ఉంచి గొట్టాన్ని మెల్లగా దించాలి. బయట ఆయిలు మట్టం ఎంతుందో గొట్టం లోపలా అంతే ఉండేట్టు, ఆగి ఆగి దించాలి. అడుగు తగిలాక కడ్డీ నొక్కి మూస్తే, పైనుంచి కిందదాకా ఉన్న ఆయిలంతా ఏ పొర ఎంతుందో అంతే పాళ్లలో గొట్టంలో ఉంటుంది. గబుక్కున దించితే లోపల మట్టం వెనకబడుతుంది, చివర్లో ఒక్కసారిగా అడుగు ఆయిలే ఎక్కువ ఎగదన్నుకొస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఈ రోజు అదే చేయబోయాడు. మా హెల్పర్ పెద్దాయన వాడి మోచెయ్యి పట్టుకుని "నిదానంగా రా నాయనా, ఆయిలు యాడికీ పారిపోదు" అన్నాడు. చదువుకోలేదు గానీ, నాకు తెలిసిన శాంపిల్ తీసేవాళ్లలో ఆయనకు మించినవాళ్లు లేరు.

ప్రతి కంపార్ట్‌మెంట్‌కూ విడిగా తీసి, స్టీలు క్యాన్‌లో పోసి కలిపి, మూడు గోధుమరంగు సీసాల్లోకి పంచాం. ఒకటి మాకు, ఒకటి అమ్మిన పార్టీకి, ఒకటి సీలు వేసి దాచడానికి. సీసా మెడదాకా నింపం, వేడికి ఆయిలు ఉబ్బితే మూత తన్నేస్తుంది. డ్రైవరు లేబుల్ మీద సంతకం పెట్టాడు. తేమ ఒప్పందంలో రాసుకున్న దానికి లోపలే వచ్చింది.

ఇంతలో సరుకు కొనే పర్చేజ్ సెక్షన్ నుంచి ఫోను. "కింద వాల్వు శాంపిల్ కూడా ఒకటి పెట్టండి మేడం, బేరానికి పనికొస్తుంది" అన్నారు. అడుగు శాంపిల్ తీస్తాను సార్ అన్నాను. తీశాను కూడా. కానీ రిజిస్టర్‌లో "అడుగు శాంపిల్, ధరకు సంబంధం లేదు" అని రాసి మరీ పెట్టాను. దాని పని వేరు. దించేటప్పుడు ముందు వచ్చే కాస్త ఆయిలును వేరే డ్రమ్ములోకి మళ్లించాలా వద్దా అని చూడ్డానికి అది కావాలి. రేటు తగ్గించడానికి కాదు. ఫోనులో అవతల కాసేపు మాట లేదు. లేకపోతే పోనీ.

క్యాంటీన్‌లో ఉగ్గాని అయిపోయింది, బజ్జీలు మిగిలాయి. ఉగ్గాని లేకుండా బజ్జీ ఏం తింటాం?

పదకొండు దాటాక స్టోర్స్ నుంచి కబురు. కావాలని నేను ఎప్పుడో ఇండెంటు రాసి పెట్టిన శాంప్లర్, అంటే శాంపిల్ తీసే పరికరం, వచ్చిందట. స్టోరేజ్ ట్యాంకులకు ఇప్పటిదాకా స్టీలు పంజరంలో బిగించిన సీసా వాడుతున్నాం. కార్కు పెట్టి తాడుతో దించి, కావాల్సిన లోతుకు వచ్చాక ఒక్క గుంజు గుంజితే కార్కు ఊడుతుంది. బుడగలు పైకొస్తాయి. బుడగలు ఆగాయంటే సీసా నిండినట్టే. ఆయిలు మట్టం తొమ్మిది మీటర్లుంటే పైనుంచి ఒకటిన్నర దగ్గర ఒకటి, నాలుగున్నర దగ్గర ఒకటి, ఏడున్నర దగ్గర ఒకటి తీస్తాం. అంటే ట్యాంకును అడ్డంగా మూడు భాగాలు అనుకుని, ప్రతి భాగం నడిమధ్యనుంచి అన్నమాట. నిలువు ట్యాంకు కాబట్టి మూడూ సమానంగా కలిపితే సరిపోతుంది. పడుకోబెట్టిన ట్యాంకుకు ఈ లెక్క కుదరదు, దాని నడుము భాగంలోనే ఎక్కువ ఆయిలు ఉంటుంది కదా.

ఈ సీసాతో వచ్చిన చిక్కేమిటంటే, అట్టడుగున నాలుగు వేళ్ల మందాన ఉన్నది దీనికి అందదు. సీసా మూతి పైన ఉంటుంది మరి. దానికోసమే అడుగు శాంప్లర్ అడిగాను. అట్టపెట్టె విప్పితే బంగారంలా మెరిసిపోతూ బయటికొచ్చింది. లావు చెంబంత ఉంది, బరువు చేతికి బాగా తెలుస్తోంది. కిందినుంచి ఒక పుల్ల పొడుచుకు వచ్చి ఉంది. బొటనవేలితో నొక్కితే లోపలి బిరడా టక్కుమని లేచింది, వదిలితే మళ్లీ కూర్చుంది. ట్యాంకు నేల తగలగానే ఆ పుల్ల లోపలికి పోయి తెరుచుకుంటుంది, అడుగునున్నది నిండుతుంది. పైకి లాగితే తన బరువుకు తనే మూసుకుంటుంది. స్ప్రింగులు లేవు, కరెంటు లేదు. ఎవరు కనిపెట్టారో గానీ చేతులెత్తి మొక్కాలి.

ఒక్కటే తంటా, అది ఇత్తడి.

"ఇత్తడి ఖరీదెక్కువ మేడం, మంచిదే పంపినారు" అన్నాడు స్టోర్స్ అబ్బాయి. మంచిదే. పెట్రోలు, డీజిలు ట్యాంకులకైతే ఇంతకన్నా మంచిది లేదు, దేనికైనా తగిలినా నిప్పురవ్వ రాదు. వంటనూనెకు మాత్రం రాగి శత్రువు. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే. కంటికి కనపడనంత రాగి అంటుకున్నా నూనె తొందరగా చెడుతుంది, ఆ చెడటాన్ని కొలిచే పెరాక్సైడ్ విలువ పెరుగుతుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తామా? ఇదీ అంతే. ట్యాంకులో నూనె బాగానే ఉంటుంది, మనం తీసిన శాంపిలు మాత్రం సీసాలో కూర్చుని చెడుతుంది. ఆ తర్వాత వచ్చే రిపోర్టు నూనె గురించి కాదు, మా శాంప్లర్ గురించి. మగ్గుతో ముంచినప్పుడు తేడా తీసిన చోటులో ఉంటుంది, ఇక్కడ తేడా తీసిన వస్తువులోనే ఉంది.

వాపసు పంపుదామనుకున్నా గానీ, పక్కనే సాల్వెంట్ ప్లాంటు గుర్తొచ్చింది. అక్కడ పిండిలోంచి నూనె లాగడానికి వాడేది హెక్సేన్. సున్నాకు 20 డిగ్రీలు కిందున్నా అంటుకోగలిగినంత ఆవిరి వదిలే ద్రవం, కర్నూలు మే నెలలో దాని సంగతి ఊహించుకోవచ్చు. అక్కడ స్టీలు డబ్బా కంటే ఇత్తడే నయం. అక్కడి సూపర్‌వైజర్‌ను పిలిచి ఇస్తే ఆయన ముఖం వెలిగిపోయింది. తాడు మాత్రం మార్చమన్నాను, పెట్టెలో వచ్చింది నైలాన్ తాడు. చేతిలో జారేటప్పుడు రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది, నూలు తాడైతే ఆ భయం తక్కువ. ట్యాంకు నింపిన వెంటనే శాంపిల్‌కు పోవద్దు, అరగంట ఆగాల. పంపు తోసిన ద్రవంలో కూడా ఆ కరెంటు కూర్చుని ఉంటుంది. "తెలుసులే మేడం, మేమూ ఇంట్లో పిల్లలున్నోళ్లమే" అన్నాడాయన.

భోజనం అయ్యాక బాయిలర్ హౌస్. వాళ్ల టీడీఎస్ రీడింగ్, అంటే బాయిలర్ నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, వారంగా ఎక్కువొస్తోంది. దాన్ని తగ్గించడానికి బ్లోడౌన్ పెంచుతూ, కాగిన నీళ్లు బయటికి వదిలేస్తూ పోతున్నారు, బొగ్గు ఖర్చవుతోంది. వెళ్లి చూస్తే, శాంపిల్‌ను చల్లార్చే కూలర్‌కు నీళ్లు వచ్చే పైపు మూసుకుపోయి ఉంది. మా బోరు నీళ్ల గట్టిదనానికి కాయిల్ చుట్టూ తెల్లగా గార పట్టింది. పాపం ఆపరేటర్ కూలర్ లేకుండానే మగ్గులో పడుతున్నాడు. పది కేజీల ప్రెషర్ కింద ఉన్న నీళ్లు 184 డిగ్రీలు ఉంటాయి. బయటికి రాగానే అందులో ఆరో వంతు దాకా బుస్సుమని ఆవిరైపోతుంది. ఉప్పు ఆవిరితో పోదు కదా, మిగిలిన నీళ్లలోనే ఉండిపోతుంది. అందుకే రీడింగ్ దాదాపు ఐదో వంతు ఎక్కువ చూపిస్తోంది. బాయిలర్‌లో నీళ్లకు ఏ జబ్బూ లేదు. కాయిల్ విప్పి యాసిడ్‌తో కడగమని చెప్పి, ఇంకోటి గోడ మీద సుద్దతో రాశాను: ముందు చల్లనీళ్ల వాల్వు, తర్వాతే శాంపిల్ వాల్వు. మూసేటప్పుడు ముందు శాంపిల్, ఆ తర్వాత చల్లనీళ్లు.

మధ్యలో మా క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. అది రసాయనాల ఫ్యాక్టరీలో చేస్తుంది, వాళ్ల కష్టాలు వేరు. కాస్టిక్ సోడాకు అల్యూమినియం డబ్బా తగిలితే హైడ్రోజన్ వస్తుంది, గాజు సీసాలో ఎక్కువ రోజులు ఉంచితే గాజునే తినేస్తుంది, అందుకని ప్లాస్టిక్ సీసాలే. ఘాటైన ద్రవాలకు అసలు సీసా మూత తియ్యరట. మూతకు రబ్బరు బిళ్ల, దాంట్లోంచి రెండు సూదులు, ఒకదాంట్లో ద్రవం లోపలికి, ఇంకోదాంట్లో సీసాలోని గాలి బయటికి, అదీ తిరిగి వాళ్ల లైన్లోకే. తీసేవాడికి వాసన కూడా తగలదు. విన్నంతసేపూ కుళ్లుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

సాయంత్రం నాలుగింటికి అసలు తలనొప్పి. రిఫైనరీ అవుట్‌లెట్ దగ్గర నూనె రంగు ఒకసారి ఒకలా, పది నిమిషాలకు ఇంకోలా వస్తోందని షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గొడవ. ల్యాబ్ వాళ్లు సరిగా చూడరని ఆయన, ప్లాంటు నిలకడగా నడపరని మా వాళ్లు. నేను వెళ్లి పైపు చూశాను. మెయిన్ లైను నుంచి శాంపిల్ కుళాయి దాకా అర అంగుళం పైపు, గోడ చుట్టూ తిప్పి తెచ్చారు, రెండు మీటర్ల పైమాటే. మనిషి నిలబడ్డానికి వీలుగా ఉంటుందని అట్లా చేశారట. అర అంగుళం పైపు మీటరు పొడవులో సుమారు 175 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే మా పావు లీటరు సీసా నిండటానికి ఆ పైపులో ముందునుంచి నిలవున్న నూనే చాలు. కుళాయి తిప్పగానే పట్టుకున్నవాడికి మధ్యాహ్నం నూనె, కాసేపు వదిలి పట్టుకున్నవాడికి ఇప్పటి నూనె. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, పొద్దున ట్యాంకర్ మాదిరే.

పైగా ఆ కుళాయిని మెయిన్ పైపు అడుగునుంచి తీశారు. అడుగున పెడితే మడ్డి, నెత్తిన పెడితే గాలి. నూనె నిలువుగా పారే చోట పక్కనుంచి పెట్టి, లోపలి గొట్టం మధ్యదాకా చొచ్చుకుపోయేట్టు చేస్తే ఈ పంచాయతీ ఉండదు. అప్పటిదాకా పైపులో పట్టే నూనెకు మూడింతలు డ్రమ్ములోకి వదిలి, ఆ తర్వాతే సీసా పెట్టమని ఇద్దరికీ చెప్పాను. "అంత నూనె వదిలితే లాస్ ఎవరి ఖాతాలో రాయాల?" అన్నాడు ఇన్‌ఛార్జ్. డ్రమ్ములోది మళ్లీ రిఫైనరీ ఫీడ్‌లోకే పోతుంది కదన్నా అంటే నవ్వేశాడు.

ఇండెంటు మళ్లీ రాశాను. అడుగు శాంప్లర్, ఎస్ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, పూర్తిగా స్టీలే, ఇత్తడి మీద పూత వేసింది వద్దు, నూలు తాడుతో సహా. పర్చేజ్ వాళ్లు పొద్దున విషయం మనసులో పెట్టుకుని దీన్ని తొక్కిపెట్టకుండా ఉంటే చాలు. గురువారం రిఫైనరీ షట్‌డౌన్. ఫిట్టర్ అన్నను తీసుకెళ్లి, పైపు ఎక్కడ కోయాలో మార్కర్‌తో గీత పెట్టాను. కొత్త కుళాయి నిలువు లైను మీద ఎంత ఎత్తులో రావాలో కూడా కొలిచి చూపించాను. కుర్రాడికి అందేంత ఎత్తు, పెద్దాయన వంగక్కర్లేనంత ఎత్తు.