కాయలు కాయని కోనసీమ

"అచ్చం మన అమలాపురంలా ఉందే అమ్మాయ్!" అని కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో, మిషన్ బే ఒడ్డున అత్తయ్య అన్న మాట, రాత్రి వంటిల్లు సర్దేశాక కూడా నన్ను వదలలేదు. ఆవిడ మెచ్చుకోలుగానే అన్నారు, కానీ నాకు ఒళ్లు మండింది. శాన్ డియేగోలో ఏడాదికి పడే వాన 250 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంత వానతో కోనసీమ ఎక్కడైనా పండుతుందా? అక్కడ కనిపించే పొడవాటి తాటిజాతి చెట్లు మెక్సికోవి, క్వీన్ పామ్‌లూ బోగన్‌విలియాలూ దక్షిణ అమెరికావి, పక్షి ముక్కులాంటి నారింజరంగు పూలు దక్షిణాఫ్రికావి. ఒక్క చెట్టుకూ కొబ్బరికాయ లేదు. కొత్తగా నాటిన చెట్టు దగ్గరికి వెళ్లి చూస్తే మాను చుట్టూ కర్రల ఊతం, మొదట్లో నల్లటి డ్రిప్ గొట్టం, పక్కనున్న బండరాయిలోంచి డోలు పాట! బండ కాదు, స్పీకరు. ఇక ఆ గొట్టంలోకి వచ్చే నీటిలో చాలాభాగం ఎక్కడో ఉన్న కొలరాడో నదిది.

ఆ పక్కనే 1964లో తెరిచిన సీవరల్డ్ అనే సముద్రజీవుల వినోదపార్కు ఉంది. నాన్నగారు వచ్చినప్పుడు, 1969లో కట్టిన 320 అడుగుల స్కై టవర్ అనే అక్కడి ఉక్కు గోపురం ఎక్కాం. నాన్నగారి సంగతి చెప్పాలి. జలవనరుల శాఖలో పనిచేసిన మనిషి నీళ్లను చూసి ఊరుకోరు. చుట్టూ తిరుగుతూ పైకి వెళ్లే ఆ గాజు గదిలో అందరూ సముద్రాన్ని ఫొటోలు తీసుకుంటుంటే, ఆయన మాత్రం ఇదంతా ఒకప్పుడు ఆటుపోట్ల బురదనేల అనీ, ఆ బురదను తవ్విపోసి నాలుగు వేల ఎకరాల పైచిలుకు వినోదస్థలం చేశారనీ విని, "అయితే దీని పునాది ఎంత లోతు?" అని ఆపరేటరును అడిగారు. ఆ కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు. పైనుంచి చూస్తే పచ్చదనమంతా నడిచే దారుల వెంబడే ఉంది. దాని వెనుక కార్ల తారునేల.

కట్టడాలు మాత్రం నిజాయితీగా ఉన్నాయని ఇంతకాలం వాదిస్తూ వచ్చాను. ఇప్పుడు రాస్తుంటే అదీ నిలబడడం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ నుంచి తిరిగొచ్చిన సైనికులు, జెట్ విమానాలు, 1959లో అమెరికా రాష్ట్రమైన హవాయి దీవులు కలిసి ఆ తరానికి దూరదేశాల మీద మోజు పెంచాయి. చెట్లు మరో దేశాన్ని చూపిస్తే, గోపురాలు మరో కాలాన్ని, అంటే భవిష్యత్తును చూపించాయి, వ్యాపారం ఒక్కటే. పైగా ముందు పాతబడింది ఆ భవిష్యత్తే. లాస్ ఏంజెలెస్ దగ్గరి కొండకొమ్మున వాస్తుశిల్పి విలియం పెరీరా రూపకల్పనలో 1954లో మొదలైన మెరైన్‌లాండ్ అనే సముద్రజీవుల పార్కును 1987లో మూసేశారు. సాంటా మోనికాలో 1958లో తెరిచిన పసిఫిక్ ఓషన్ పార్క్ అనే వినోదస్థలం పదేళ్లయినా నడవలేదు. చెట్లకు ఆ గతి పట్టలేదు, పెరుగుతూనే ఉన్నాయి.

కాబట్టి చెట్ల మీద కోపం కొంత తగ్గింది, నీటి విషయంలో మాత్రం తగ్గలేదు. లెమనేడ్ బెర్రీ, సేజ్ పొదలు ఈ తీరానివే. వేరు పట్టాక పెద్దగా నీరు అడగవు. వాటిని స్కై టవర్ చుట్టూ వేస్తే ఆ ఉక్కు గోపురమేమీ చిన్నబోదు. వచ్చేవాళ్లకు హవాయి కావాలి కదా అంటారేమో. హవాయికి ఇక్కడి నుంచి విమానాలు రోజూ ఉన్నాయి.