మడతలో దాగిన చిలుక

పెళ్ళికి రెండు రోజుల ముందే రాజమండ్రి నుంచి హైదరాబాదు చేరడానికి అసలు కారణం, నా పోచంపల్లి చీరకు తగిన మడత విసనకర్ర కొనుక్కోవాలన్న కోరిక. పనిలో పనిగా సాలార్‌జంగ్ మ్యూజియం చూద్దామని పిన్నిని వెంటబెట్టుకుని వెళితే గేటు మూసి ఉంది. శుక్రవారం సెలవట. "కనుక్కుని బయలుదేరవద్దా?" అంది పిన్ని. కనుక్కోవలసినదాన్ని నేనే కాబట్టి మాట్లాడలేదు.

పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా నడిచి లాడ్ బజార్‌లోకి తిరిగాం. లక్క గాజుల తళుకులు దాటుకుని రావడానికి చాలాసేపు పట్టింది. పిన్ని రెండు డజన్లు కొన్నది కూడా. ఆ వరుసలోనే ఒక చిన్న కొట్టులో జరీ సంచుల పక్కన బుట్ట నిండా విసనకర్రలు కనిపించాయి.

"విసనకర్ర అంటే తాటాకుది. ఇదేమిటే, పేకముక్కలు పరిచినట్టుంది!"

మన తాటాకు విసనకర్ర, వట్టివేళ్ళ సురటి మడవడానికి పనికిరావనీ, మడిచేది జపానులో పుట్టిందనీ, మొదట్లో సన్నని చెక్క పలకలను దారంతో కూర్చేవారనీ, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకులతో ఐరోపా చేరిందనీ చెప్పుకొచ్చాను. లండనులో విసనకర్రలు చేసేవారి సంఘానికి 1709లో రాజముద్రతో పత్రం ఇచ్చారనేసరికి పిన్ని కొట్టతనిని ధర అడుగుతోంది.

నాలుగు విప్పి పక్కపక్కన పెట్టాను. నాలుగింటిలోనూ అదే నెమలి, అదే తోక, మూడో పుల్ల దగ్గర అదే రంగు చుక్క. చేత్తో వేస్తే నాలుగు నెమళ్ళు నాలుగు రకాలుగా ఉండాలి కదా! అచ్చు బొమ్మ ధర వేరు, కుంచె బొమ్మ ధర వేరు. అడిగితే అతను నవ్వి, బుట్ట అడుగు నుంచి ఒకటి తీశాడు.

పట్టు మీద చిలుక. రెక్క దగ్గర ఆకుపచ్చ రెండుసార్లు పూసిన జాడ, వెనక వైపు సన్నగా ఊరిన రంగు. నన్ను కట్టిపడేసింది మాత్రం చిలుక కన్ను. బట్టను చదునుగా పరిచి బొమ్మ వేసి, ఆ తరువాత మడతలు పెడతారు. ఏ గీత ఎక్కడ విరుగుతుందో ముందే ఊహించాలి. ఈ చిత్రకారుడెవరో కన్నూ ముక్కూ ఒకే మడతలో ఇమిడేలా వేశాడు. సగం మూసినా చిలుక నన్నే చూస్తోంది. బేరమాడాలని అనిపించలేదు. పిన్ని ఆడింది, యాభై తగ్గించింది.

పెళ్ళిలో అందరూ అడిగి మరీ చేతిలోకి తీసుకుని చూశారు. తలంబ్రాల వేళకు మండపంలో ఉక్కపోత. చిలుకను ఎంత ఊపినా చెవి పక్క వెంట్రుక కూడా కదలలేదు. పక్కన పిన్ని అట్టముక్కలాంటి శుభలేఖతో హాయిగా విసురుకుంటూ కూర్చుంది.